తిరుపతిలో కాలనీ సంఘం పెట్టి నడపడం ఎలా: వీధి నడక నుంచి ఫైలు దాకా

2021 నవంబరు 18, 19 తేదీల వాన తిరుపతిలో ఉన్నవాళ్లెవరూ మరిచిపోలేరు. కపిలతీర్థం పొంగి అక్కడి మండపం దెబ్బతింది, ఘాట్ రోడ్డులో కొండచరియలు విరిగిపడ్డాయి, లోతట్టు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఆ రాత్రి మా వీధిలో మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఎదురింటాయన పేరు మొదటిసారి అడిగాను. అప్పటికి ఎనిమిదేళ్లుగా ఎదురెదురుగా ఉంటున్నాం.

మర్నాడే వాట్సాప్ గ్రూపు పెట్టాం. ఆవేశం బాగానే ఉంది, వారానికి రెండు సార్లు మాట్లాడుకున్నాం. ఆరు నెలలు తిరిగేసరికి గ్రూపులో పండగ శుభాకాంక్షలు మిగిలాయి, వీధి చివర కాలవ మాత్రం పూడిపోయినట్టే ఉంది. ఆ తర్వాత పద్ధతిగా మళ్లీ మొదలుపెట్టాం. అప్పుడు తెలిసిందేమిటంటే, కాలనీ సంఘానికి అసలు బలం కాగితం. పలుకుబడి ఉన్న మనిషి ఇల్లు మారితే ఆ పలుకుబడి ఆయనతోనే పోతుంది. ఫైలు మాత్రం వీధిలోనే ఉంటుంది. ఈ మాట మనసులో పెట్టుకుని కింది అడుగులు చదవండి.

1. ముందు వీధులన్నీ నడవండి

మీటింగు కన్నా ముందు ఇది చేయాలి. ఆదివారం పొద్దున ఆరు గంటలకు నలుగురైదుగురు కలిసి కాలనీ అంతా కాళ్లతో తిరగండి. ఒకరి చేతిలో నోటు బుక్కు, ఇంకొకరి చేతిలో ఫోను ఉంటే చాలు. మూత లేని మ్యాన్‌హోలు, పగిలిన స్లాబు, వెలగని వీధి దీపం, చెత్త పోసే మూల, ఏది కనిపించినా రాసుకోండి. "రామాలయం దగ్గర లైటు వెలగడం లేదు" అని రాస్తే ఆ లైటు ఎవరికీ దొరకదు. కరెంటు స్తంభం మీద నంబరు ఉంటుంది, దాన్ని రాయండి. నంబరు చెరిగిపోయి ఉంటే ఎదురుగా ఉన్న ఇంటి డోర్ నంబరు రాయండి.

వాన పడిన రోజు ఇంకోసారి నడవాలి. తిరుపతికి ఉత్తరాన కొండలు, దక్షిణాన స్వర్ణముఖి. కొండ మీద పడిన నీళ్లు ఊరి మీదుగానే కిందికి పోవాలి. మన పేటల పేర్లు ఒకసారి తలుచుకోండి: కొర్లగుంట, కొరమేనుగుంట, తాతయ్యగుంట, కేశవాయనగుంట. ఒకప్పుడు నీళ్లు ఎక్కడ నిలిచేవో మన పెద్దలు పేర్లలోనే చెప్పిపోయారు. గుంట మీద ఇళ్లు కట్టినంత మాత్రాన నీళ్లు దారి మరిచిపోవు. కాబట్టి మీ వీధిలోకి నీళ్లు ఏ వైపు నుంచి వస్తున్నాయి, ఏ కల్వర్టు దగ్గర ఆగుతున్నాయి, అక్కడ అడ్డుగా ఏముంది అన్నది కళ్లతో చూడాలి.

మేం చేసిన ఒక చిన్న పని చెబుతాను. వీధి చివరి ఇంటి ప్రహరీ గోడ మీద, ఆ ఇంటామెను అడిగి, నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో అక్కడ ఎర్ర పెయింటుతో అడ్డగీత గీసి పక్కన తేదీ రాశాం. మొదట సుద్దముక్కతో గీశాం, రెండో వానకే చెరిగిపోయింది. పెయింటు గీత పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి అర్జీకి జత చేశాక మాతో మాట్లాడే తీరే మారింది. "నీళ్లు నిలుస్తున్నాయి సార్" అంటే తలూపి పంపేస్తారు. "కల్వర్టు దగ్గర రెండడుగుల మూడంగుళాలు, ఫలానా తేదీ" అంటే కాగితం తీసుకుని చూస్తారు.

2. బాడుగకున్నవాళ్లను వదిలేయకండి

చాలా సంఘాలు సొంత ఇంటివాళ్ల సంఘాలుగా మిగిలిపోతాయి. తిరుపతిలో అది పెద్ద పొరపాటు. యూనివర్సిటీల్లో చదివే పిల్లలు, మెడికల్ కాలేజీ వాళ్లు, దేవస్థానం ఉద్యోగులు, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు, ఇలా బాడుగ ఇళ్లలో ఉండేవాళ్లు ఏ వీధిలో చూసినా కనిపిస్తారు. చెత్త వేసేది వాళ్లూ, కొళాయి నీళ్లు పట్టుకునేది వాళ్లూ. నియమావళిలోనే "ఈ పరిధిలో నివసించే, 18 ఏళ్లు నిండిన ఎవరైనా సభ్యులు కావచ్చు" అని రాసుకోండి. సొంత ఇల్లు ఉండి బెంగళూరులోనో చెన్నైలోనో ఉండేవాళ్లనూ చేర్చుకోవచ్చు. కానీ ఓటు హక్కు ఎవరికి ఉంటుందో మొదటి రోజే తేల్చుకోవాలి, ఆ తర్వాత అది గొడవగా మారుతుంది.

మొదటి సమావేశం ఎవరి ఇంట్లోనూ పెట్టకండి. ఎవరింట్లో పెడితే సంఘం వాళ్లదని మిగతావాళ్లు అనుకుంటారు. గుడి అరుగు, స్కూలు వరండా, పార్కు, ఏదైనా పరవాలేదు. ఆడవాళ్లు రాగలిగే సమయం చూసుకోండి. మా దగ్గర సాయంత్రం ఏడు గంటలకు పెడితే ఆరుగురు మగవాళ్లే వచ్చారు. ఆదివారం పదకొండు గంటలకు పెడితే ముప్పై మంది వచ్చారు, అందులో సగానికి పైగా ఆడవాళ్లు. కొళాయి ఏ రోజు రాలేదో, కుక్క ఎవరి పిల్లాణ్ణి తరిమిందో కచ్చితంగా చెప్పింది వాళ్లే.

ఆ రోజు ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడగండి: "మీకు రోజూ కష్టంగా ఉన్నది ఏది?" అన్నీ బోర్డు మీద రాసి చేతులెత్తించండి. అందులోంచి మొదటి పనిగా మూడు నెలల్లో తేలిపోయేదాన్ని ఎంచుకోండి. వీధి దీపాలు, విరిగిన మ్యాన్‌హోలు మూత లాంటివి. భూగర్భ డ్రైనేజీతో మొదలుపెడితే మొదటి ఏడాదే అందరూ అలిసిపోతారు. ఒక దీపం వెలిగాక చందా అడగడం తేలిక.

3. రిజిస్ట్రేషన్

విడి ఇళ్ల కాలనీ అయితే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదు చేయించాలి. కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. ఫ్లాట్ల వాళ్లకు 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం వేరేగా ఉంది. లిఫ్టు, మెట్లు, టెర్రస్ లాంటి ఉమ్మడి ఆస్తుల వ్యవహారం ఉంటుంది కాబట్టి వాళ్లు ఆ చట్టం కూడా చూసుకోవాలి.

కావలసిన కాగితాలు రెండు. ఒకటి మెమోరాండం: సంఘం పేరు, చిరునామా, ఆశయాలు, మొదటి కార్యవర్గం వివరాలు ఇందులో ఉంటాయి. రెండోది నియమావళి, అంటే బైలాస్: సభ్యత్వం, చందా, సమావేశాలు, కోరం (సమావేశం చెల్లడానికి ఉండవలసిన కనీస హాజరు), ఎన్నిక, డబ్బు ఎవరు తీయాలి, కార్యవర్గాన్ని ఎలా దించాలి. వీటితో పాటు సభ్యుల గుర్తింపు కార్డులు, సంఘం చిరునామాకు రుజువుగా ఒక ఇంటి పన్ను రసీదు లేదా కరెంటు బిల్లు సిద్ధం చేసుకోండి. పని జరిగేది జిల్లా రిజిస్ట్రార్ దగ్గర. తిరుపతి 2022 ఏప్రిల్ 4న వేరే జిల్లా అయింది కాబట్టి పాత చిత్తూరు అలవాటుతో వెళ్లకుండా మీ ఊరు ఏ జిల్లా పరిధిలోకి వస్తుందో చూసుకుని వెళ్లండి.

ఎవరి దగ్గరో పాత బైలాస్ జిరాక్సు తెచ్చి పేరు మార్చి ఇచ్చేయడం మామూలుగా జరుగుతుంది. అది మాత్రం చేయకండి. రెండు గంటలు కూర్చుని ఒక్కో వాక్యం చదవండి. ముఖ్యంగా మూడు విషయాలు: కార్యవర్గం పదవీకాలం (రెండేళ్లు చాలు), ఒకే మనిషి ఒకే పదవిలో వరసగా ఎన్నిసార్లు ఉండొచ్చు, కోరం ఎంత. నూరు మంది సభ్యులున్న చోట సగం మంది కోరం అని రాసుకుంటే ఏ సమావేశమూ చెల్లదు. నమోదు అయ్యాక ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. ఈ జాబితా ఇవ్వక వెనకబడిపోయే సంఘాలు చాలా ఉన్నాయి. తర్వాత బ్యాంకులోనో కోర్టులోనో అవసరం పడినప్పుడు టెన్షన్ పడతారు.

4. డబ్బు

పాన్ కార్డు, బ్యాంకు ఖాతా రెండూ సంఘం పేరు మీదే ఉండాలి. ఖాతాకు ఇద్దరి సంతకం పెట్టండి, అందులో ఒకరు కోశాధికారి. చందా చిన్నదిగా పెట్టి అందరి దగ్గరా తీసుకోవడం మేలు. పెద్ద మొత్తం ఒక్కరే ఇస్తే రేపు ఆయన మాటే చెల్లుతుంది. రూపాయి వచ్చినా రసీదు రాయండి. నెలాఖరున జమాఖర్చులు ఒక పేజీలో రాసి నోటీసు బోర్డు మీద అంటించండి. మా కోశాధికారిగా ఉన్న అక్క బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. టీ ఖర్చు 60 రూపాయలు కూడా విడిగా చూపిస్తారు. మా చందాలు ఆగకుండా రావడానికి కారణం ఆ పేజీయే.

5. మినిట్స్ పుస్తకం, ఫైలు

ఈ అడుగు మీద ఎక్కువసేపు ఆగుతాను.

గట్టి అట్ట ఉన్న, పేజీ నంబర్లు వేసిన పుస్తకం కొనండి. ప్రతి సమావేశానికీ తేదీ, చోటు, వచ్చినవాళ్ల సంతకాలు, చర్చకు వచ్చిన అంశం, తీర్మానం, ఎవరు చేయాలి, ఎప్పటిలోపు చేయాలి అన్నవి రాయండి. చివరి రెండూ రాయకపోతే తీర్మానం గాలికి పోతుంది. "కాలవ విషయం అధికారులతో మాట్లాడాలని తీర్మానించడమైనది" అని మా పాత పుస్తకంలో నాలుగు చోట్ల ఉంది. నాలుగుసార్లూ ఎవరూ వెళ్లలేదు.

సమస్యకో ఫైలు పెట్టండి. కాలవకు ఒకటి, పార్కుకు ఒకటి, దీపాలకు ఒకటి. ప్రతి ఫైలు మొదటి పేజీలో తేదీల పట్టిక ఉండాలి: ఫలానా రోజు అర్జీ ఇచ్చాం, ఫలానా అధికారి వచ్చి చూశారు, ఫలానా మాట చెప్పారు. అధికారి మాట నోటితో చెబితే ఇంటికొచ్చి అదే రోజు రాసేయండి.

ఈ జాగ్రత్త ఎందుకో మాకు నష్టపోయాక తెలిసింది. మొదటి అర్జీ ఒక ఆఫీసులో టేబుల్ మీద పెట్టి, నమస్కారం పెట్టి వచ్చేశాం. రెండు నెలల తర్వాత వెళితే ఆ సారు బదిలీ అయ్యారు, కాగితం లేదు, ఇచ్చినట్టు మా దగ్గర రుజువూ లేదు. తప్పు మాదే. అప్పటి నుంచి రెండు కాపీలు తీసుకెళతాం. రెండో దాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు (కాగితం అందినట్టు ఆఫీసు పుస్తకంలో ఎక్కించే నంబరు) వేయించుకునే దాకా కుర్చీలోంచి లేవం.

6. ఏ పనికి ఎవరి దగ్గరికి

సగం అలసట తప్పు ఆఫీసుకు వెళ్లడం వల్లే వస్తుంది. తిరుపతి 2007లో, చిత్తూరు 2012లో కార్పొరేషన్లు అయ్యాయి. రోడ్లు, కాలవలు, తాగునీరు, వీధి దీపాలు, పారిశుధ్యం కార్పొరేషన్ పని. అందులో కాలవ కట్టడం ఇంజినీరింగ్ విభాగానిది, అదే కాలవలో పూడిక తీయడం పారిశుధ్య విభాగానిది. అర్జీలో ఏది కావాలో విడిగా రాయకపోతే ఇద్దరూ రెండోవారి వైపు చూపిస్తారు. కట్టడాల అనుమతులు, రోడ్డు ఆక్రమణలు టౌన్ ప్లానింగ్ వాళ్లవి.

అన్నిటికన్నా ముందు వెళ్లవలసింది మీ వార్డు సచివాలయానికి. 2019 అక్టోబరు 2న మొదలైన ఈ సచివాలయాల్లో సౌకర్యాలకు, పారిశుధ్యానికి, ప్లానింగ్‌కు వేరు వేరు కార్యదర్శుల పదవులు పెట్టారు. వాళ్లలో చాలామంది కుర్రవాళ్లే. గద్దించకుండా "తమ్ముడూ, ఒకసారి వచ్చి చూడమ్మా" అంటే మధ్యాహ్నానికి వస్తారు. వాళ్లు పైకి పంపే రిపోర్టు మీదే మిగతా పని కదులుతుంది.

కరెంటు విషయమైతే 1912కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. మన పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. లేఅవుట్ల సంగతి 1981లో ఏర్పడిన తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) దగ్గర, చిత్తూరు వైపు అయితే చుడా (చిత్తూరు పట్టణాభివృద్ధి సంస్థ) దగ్గర అడగాలి. ఊరెళ్లేటప్పుడు తాళం వేసిన ఇంటి మీద నిఘాకు పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టం) వాడుకోవచ్చు, ప్రాణాల మీదికి వస్తే 112.

7. అర్జీ రాసే తీరు

ఒక అర్జీలో ఒకే సమస్య. ఒక పేజీ దాటకూడదు. మేం వాడే నమూనా ఇది:

"గౌరవనీయులైన కమిషనర్ గారికి. విషయం: ___ డివిజన్, ___ వీధిలో డోర్ నంబర్ ___ నుంచి ___ వరకు వాన నీటి కాలవలో పూడిక తీయించడం, పగిలిన రెండు స్లాబులు మార్పించడం గురించి. అయ్యా, పై కాలవ సుమారు ___ మీటర్ల మేర పూడిపోయింది. ___ తేదీన వానకు ___ అడుగుల నీరు నిలిచి ___ ఇళ్లలోకి వచ్చింది. ఫోటోలు, స్థలం పటం జతపరిచాము. ఇదే విషయంపై ___ తేదీన ఇచ్చిన అర్జీ నంబరు ___. ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యే లోపు, అంటే సెప్టెంబరు నెలాఖరులోగా, ఈ పని చేయించమని కోరుతున్నాము."

చివర సంఘం ముద్ర, కార్యదర్శి సంతకం, వెనక పేజీలో ఇంటింటి సంతకాలు. ఏ తేదీలోగా కావాలో, ఎందుకు ఆలోపే కావాలో రాయడం మరవకండి. మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే. అందుకని పూడిక అర్జీ జూలైలోనే పడాలి.

సమయం చూసుకోవడం తిరుపతిలో ఇంకో రకంగానూ ముఖ్యం. శ్రీవారి బ్రహ్మోత్సవాల రోజుల్లో పారిశుధ్య సిబ్బంది, పోలీసులు, ఇంజినీర్లు అందరూ ఆ ఏర్పాట్లలో తలమునకలై ఉంటారు. గంగమ్మ జాతర వారమూ అంతే. ఆ రోజుల్లో వెళ్లి "మా వీధిలోకి ఎవరూ రావడం లేదు" అంటే న్యాయం కాదు. పదిహేను రోజులు ముందో, వారం తర్వాతో వెళ్లండి.

స్థానికంగా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. అక్కడ అర్జీకి నంబరు వస్తుంది, దాన్ని ఫైలు మొదటి పేజీలో ఎక్కించండి. ఇద్దరు ముగ్గురు వెళితే సరిపోతుంది.

8. సమాచార హక్కు

అర్జీ ఇచ్చి రెండు నెలలైనా ఏమీ తెలియకపోతే సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. ఇది పౌరులకు ఇచ్చిన హక్కు, కాబట్టి సంఘం పేరుతో కాకుండా సభ్యుల్లో ఒకరు సొంత పేరుతో వేయడం మంచిది. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే మరో 30 రోజుల్లో అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

"మా కాలవ ఎందుకు బాగు చేయలేదు?" అని అడగకండి. అది ప్రశ్న, సమాచారం కాదు. "మా అర్జీ నంబరు ___ మీద తీసుకున్న చర్యల నోట్ ఫైలు కాపీ ఇవ్వండి, ఈ వీధి కాలవకు మంజూరైన అంచనా, పని ఒప్పందం, కొలతల పుస్తకం కాపీలు ఇవ్వండి" అని అడగండి. కొలతల పుస్తకం అంటే ఎంబుక్. ఏ పని ఎంత పొడవున చేశారని బిల్లు పెట్టారో అందులో ఉంటుంది. టేపు పట్టుకుని వీధిలో కొలిచి చూసుకోవచ్చు.

9. పార్కు స్థలం కాపాడుకోవడం

సంఘం చేయగలిగిన పనుల్లో దీనికన్నా విలువైనది నాకు కనిపించలేదు. కాలవ ఇవాళ కాకపోతే రేపు తీయిస్తారు. పార్కు స్థలంలో ఒకసారి ఇల్లు లేచాక ఆ నేల మళ్లీ రాదు.

అనుమతి పొందిన లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలంగా వదిలి, రిజిస్టరైన గిఫ్టు డీడుతో స్థానిక సంస్థకు అప్పగించాలి. మీ కాలనీ ఎల్‌పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు) పాత సేల్ డీడులో ఉంటుంది. దానితో తుడాలో ఆమోదిత ప్లాన్ కాపీ తీసుకోండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ సర్వే నంబరుకు ఈసీ (ఆ ఆస్తి మీద నమోదైన లావాదేవీల పత్రం) తీయించి గిఫ్టు డీడు జరిగిందో లేదో చూడండి. జరగకపోతే అదే మీ మొదటి అర్జీ. పక్కన గుంటో వంకో ఉంటే తహసీల్దారు ఆఫీసులో ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు హద్దులు, కొలతలు చూపే పటం) నకలు అడిగి, అది పోరంబోకు, అంటే ప్రభుత్వ భూమి, అవునో కాదో తెలుసుకోండి.

తర్వాత సర్వేయరుతో హద్దులు కొలిపించి రాళ్లు పాతించండి. కార్పొరేషన్ అనుమతితో "ఈ స్థలం కార్పొరేషన్‌ది, విస్తీర్ణం ___ చదరపు గజాలు, ఎల్‌పీ నంబరు ___" అని బోర్డు పెట్టించండి. ఆ తర్వాత అసలు పని: ఆ స్థలాన్ని వాడాలి. ఎవరూ అడుగుపెట్టని స్థలం మీదే కన్ను పడుతుంది. మా దగ్గర మొదట ముళ్లకంప కొట్టించి, పిల్లలకు రెండు రాళ్లు పాతి క్రికెట్ పిచ్ చేశాం. కానుగ, వేప, నేరేడు నాటాం. ఒక్కో చెట్టుకు ఒక్కో ఇల్లు నీళ్లు పోస్తుంది. మూడో ఇంటి అవ్వ తన కానుగ మొక్కకు బియ్యం కడిగిన నీళ్లు తెచ్చి పోస్తుంది. దాని చుట్టూ మేకలు రాకుండా పాత చీర కట్టింది. ఆ చెట్టు జోలికి ఎవరొచ్చినా ఆవిడను దాటి రావాలి.

10. చెత్త, కుక్కలు, మైకులు

చెత్త విషయంలో ముందు మన ఇళ్లు. తడి, పొడి, డైపర్లు ప్యాడ్‌లు లాంటివి వేరుగా పెట్టి బండికి ఇవ్వాలి. కలిపి ఇస్తే తూకివాకంలో చెత్త శుద్ధి ప్లాంటు ఉన్నా లాభం లేదు. చెత్త పోసే మూలను తీయించాలంటే శుభ్రం చేసిన రోజే అక్కడ ముగ్గు వేసి, రెండు వారాలు వంతులవారీగా పొద్దున్నే నిలబడండి. చెత్త బండి వచ్చే టైము తెలియకే చాలామంది మూలలో పడేస్తారు. ఆ టైము కాగితం మీద రాసి ప్రతి గేటుకూ అంటించండి.

కుక్కల్ని తరలించమని ఒత్తిడి చేసేవాళ్లు ఉంటారు. జంతు జనన నియంత్రణ నిబంధనలు, 2023 ప్రకారం వీధి కుక్కలకు ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. కాబట్టి మీ అర్జీలో అడగవలసింది అదే. వీధిలో ఎన్ని కుక్కలున్నాయో లెక్క రాసి ఇస్తే వచ్చినవాళ్లకు పని సులువు. అన్నం పెట్టేవాళ్లతో తగువు పడకుండా, పిల్లలు తిరగని ఒక మూల చూపించండి.

రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్ స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. వినాయక చవితి పందిరి కుర్రాళ్లకు ఈ మాట పండగ రోజు రాత్రి పోలీసుల చేత చెప్పించకండి. పది రోజులు ముందు పిలిచి, సంఘం తరఫున చందా ఇచ్చి, వేళలు కాగితం మీద రాసుకోండి. మా పందిరి వాళ్లే ఇప్పుడు పార్కులో నీళ్ల పైపు చూసుకుంటున్నారు.

11. రాజకీయం, తగాదాలు, పగ్గాలు మారడం

సభ్యులకు పార్టీలు ఉంటాయి, ఉండనివ్వండి. సంఘం లెటర్‌హెడ్, బ్యానరు, గ్రూపు మాత్రం ఏ పార్టీకీ వాడకూడదని బైలాస్‌లో రాయండి. ఏ నాయకుడు వచ్చినా అదే అర్జీ, అదే మర్యాద. పని జరిగితే చేసిన అధికారికి, సిబ్బందికి ధన్యవాదాల లేఖ ఇవ్వండి. మా కాలవ పూడిక తీసిన కార్మికులకు వీధివాళ్లు మజ్జిగ, పులిహోర పెట్టారు. మరుసటి ఏడాది మేస్త్రీ దారిలో కనపడి "మీ కాలవ ఎప్పుడు తీద్దాం సార్?" అని తనే అడిగాడు.

రెండేళ్లకు కార్యవర్గం మారేటప్పుడు అప్పగింత పత్రం రాయాలి: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, పాన్, పాస్‌బుక్కు, రసీదు పుస్తకాలు, ముద్ర, మినిట్స్ పుస్తకం, ఫైళ్లు, లేఅవుట్ ప్లాన్ కాపీ. ఒక్కొక్కటి చేతికిచ్చి సంతకం తీసుకోండి. గ్రూపు అడ్మిన్ కూడా అదే రోజు మారాలి. కొత్త కార్యదర్శితో పాత కార్యదర్శి ఒకసారి కాలనీ అంతా నడవాలి. గోడ మీది ఎర్ర గీతల దగ్గర ఆగి, ఏ గీత ఏ వానదో చెప్పి, మిగిలిన పెయింటు డబ్బా, కుంచె ఎక్కడ పెట్టారో చూపించాలి.